అద్దానికి అతుక్కున్న ఫోటో

ముప్పై ఏళ్లకు పైగా మా నడవాలో వేలాడిన తాతయ్య, నాయనమ్మల నలుపు తెలుపు ఫోటోను గోడలకు సున్నం వేయించేటప్పుడు దించి చూస్తే, వానాకాలపు చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుపోయి, తాతయ్య తలపాగా దగ్గర రూపాయి బిళ్లంత మరక కనిపించింది. ఆ రోజుల ఫోటోలలో బొమ్మను పట్టి ఉంచేది జిలాటిన్ పొర. తేమకు అది మెత్తబడి, ఆరాక జిగురులా అద్దాన్ని పట్టేస్తుంది. ఇదివరకు ఒక దుకాణంలో ఇలాంటి ఫోటోనే బ్లేడుతో ఊడదీయించి, సగం ముఖాన్ని అద్దానికే వదులుకున్నాం కాబట్టి, ఈసారి దానిని కదపలేదు.

అద్దంతో సహా బల్లపై పరచి, ఇరుపక్కలా 45 డిగ్రీల వాలులో దీపాలు పెట్టి, కెమెరా చుట్టూ నల్లగుడ్డ కట్టి తీశాను (మొదటి నాలుగింటిలో నా తెల్లచొక్కా నీడే పడింది). మరకను కంప్యూటర్లో సరిచేశాను గాని, నాయనమ్మ కళ్లు ఎప్పుడో వెలిసిపోయాయి. ఊహించి గీయడానికి మనసొప్పలేదు.

ఒక పెళ్లి గుంపు ఫోటోలో ఆమె పక్కకు తిరిగి ఉంది. ఆ తల, ముఖం అంచు వెంట నల్లకాగితం కత్తిరించాను. కెమెరా రాకముందు ఐరోపా ఇళ్లలో ఇలాంటి నీడబొమ్మలనే దాచుకునేవారు. 1759లో ఫ్రాన్సు ఆర్థిక వ్యవహారాలు చూసి, పొదుపుకు పేరుపడ్డ ఎత్యేన్ ద సిలువెట్ పేరే వాటికి నిలిచింది. ఆ జారుముడినీ, ముక్కు కొననూ చూసి మా మేనత్త వెంటనే "అమ్మే" అంది.

అసలు ఫోటోను అద్దంతోనే పొడిచోట భద్రపరిచి, కొత్త ప్రతిని పటం కట్టించేటప్పుడు అద్దానికి తగలకుండా నడుమ మందపు అట్ట అంచు పెట్టించాను.