ఎర్ర మందు ఎక్కుతుంటే అరికాళ్ళ మీద ధ్యాస

రొమ్ము క్యాన్సర్ వచ్చి నాకు ఎడమ రొమ్ము తీసేసి రెండేళ్ళయింది. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆపరేషన్‌కి ముందు ఎర్ర మందు (రంగుని బట్టి అలా అంటారు) ఎక్కించే కీమోలు 4, ఆ తర్వాత వారానికొకటి చొప్పున 12. చూడడానికి వచ్చినవాళ్ళంతా "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు" అనేవాళ్ళే. ఎలా ఉండాలో ఒక్కరూ చెప్పలేదు. నాకు పనికొచ్చింది మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో మంచీ చెడూ అనకుండా గమనించడం. దానికి ముందే ధైర్యం ఉండక్కర్లేదు.

అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో 1979లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన 8 వారాల కోర్సు ఆసుపత్రుల్లో దీన్ని నేర్పడానికి మూలం. ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన చెయ్యాలంటారు. కీమోలో అది ఎవరి తరం? నేను 10 నిమిషాలే చేశాను.

చాలామంది శ్వాసతో మొదలుపెట్టమంటారు. నాకది పడలేదు. ఊపిరి గమనించబోతే గుండె దడే వినిపించి టెన్షన్ ఇంకా పెరిగేది. మీకూ అంతే అయితే వదిలెయ్యండి. చెప్పులు విప్పి అరికాళ్ళు నేలకి ఆనించండి. మడమ ఎక్కడ తగులుతోంది, బొటనవేలు కింద చల్లగా ఉందా, అంతే చూడండి. కళ్ళు మూసుకోవాలని రూలేం లేదు. వారం వారం ఎక్కించే మందు ఏడోసారికి నా పాదాలకి తిమ్మిరి పట్టింది (ఇలా అయితే వెంటనే డాక్టరుకి చెప్పాలి). అప్పటినుంచి చప్పుళ్ళకి మారాను: సెలైన్ పంపు బీప్, ట్రాలీ చక్రాలు, పక్క బెడ్డు పెద్దమ్మ గురక.

పడుకుని కాలివేళ్ళ నుంచి తలదాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టడాన్ని బాడీ స్కాన్ అంటారు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి కింద మెత్తటి దిండు పెట్టుకోండి. అసలు చిక్కు ఛాతీ దగ్గరికొచ్చాక. మొదటి నెల నేను పొట్ట నుంచి నేరుగా మెడకి దూకేదాన్ని. దూకినా తప్పులేదు. తర్వాత మెల్లగా చుట్టుపక్కల తిరిగాను. భుజం, మెడ కింది ఎముక, మొద్దుబారిన చంక. ఒకరోజు నైటీ మీదే కుట్ల చోట అరచెయ్యి ఆనించాను. బిగుతు, తిమ్మిరి, లేని చనుమొన దగ్గర దురద! పిచ్చేమో అనుకున్నాను. రొమ్ము తీసేశాక కొందరికి అలా అనిపించడం మామూలేనని డాక్టరమ్మ అన్నారు. ఆ రోజు ఏడుపొచ్చింది. కళ్ళు తెరిచి, మంచినీళ్ళు తాగి, అక్కడికి ఆపేశాను. మీరూ అలాగే ఆపండి. పంతం పట్టాల్సిన పని కాదిది.

స్కాన్ రిపోర్టు వచ్చేదాకా రాత్రిళ్ళు మరీ కష్టం. లెక్కల టీచర్ని కదా, అమ్మాయి బీటెక్ అయ్యేసరికి నేనుంటానా అని కూడికలూ తీసివేతలూ. దానికి ఒక పేరు పెట్టుకున్నాను. మొదలవగానే "లెక్కలేస్తున్నాను" అని లోపల అనుకుని, ఫ్యాన్ చప్పుడు దగ్గరికి తిరిగొచ్చేదాన్ని. రెండు నిమిషాల్లో మళ్ళీ లెక్కలు. మళ్ళీ రావడమే. ఆలోచనలు ఆగిపోవాలని కూర్చుంటే మాత్రం ఓడిపోతారు, నేను చాలాసార్లు ఓడాను.

దీన్ని మందుల బదులు వాడకండి. నా వాంతులు తగ్గించింది మాత్రలే. కీమో రోజుల్లో జ్వరం 100.4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ధ్యానం కాదు, ఆసుపత్రి. రెండు వారాలుగా నిద్ర లేక దేనిమీదా మనసు పోకపోతే డాక్టరుకి చెప్పండి. బతకాలని లేదనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఇంట్లోవాళ్ళకి చెప్పి, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి, 14416కి, ఫోన్ చెయ్యండి. ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు రోజూ టామాక్సిఫెన్ (క్యాన్సర్ తిరిగి రాకుండా ఇచ్చే మాత్ర) వేసుకుంటున్నాను. దానివల్ల రాత్రి రెండింటికి ఒళ్ళంతా ఆవిర్లు. ముందు మెడా, చెవులా, ఎక్కడ మొదలైందో చూస్తూ చెమట ఆరేదాకా పడుకుంటాను. ఫ్యాన్ మాత్రం 5లో పెట్టుకుంటాను, మా ఆయన దుప్పటి కప్పుకుంటారు.