పాత మోడరన్ బిల్డింగులో ఎనర్జీ ఖర్చు తగ్గించాలా? అద్దాల జోలికి ఆఖర్న వెళ్ళండి

1920ల నుంచి 70ల దాకా అద్దం, స్టీలు, కాంక్రీటుతో కట్టిన వారసత్వ భవనం చేతికొస్తే, కిటికీలు పీకేసి డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీ వదిలి బిగించిన జంట అద్దాలు) పెట్టేద్దామనే అందరూ మొదట అనుకుంటారు. కాస్త ఆగండి. ఈ బిల్డింగుల అందం చాలావరకు ఆ సన్నటి స్టీలు ఫ్రేముల్లోనే ఉంది, వాటి చోట లావుపాటి అల్యూమినియం వచ్చి కూర్చుంటే ఇక కాపాడటానికి మిగిలేదేంటి?

ముందు ఏవి మారకూడదో రాసుకోండి: ఫ్రేము మందం, అద్దం రంగు, బయటి కాంక్రీటు. పాత డ్రాయింగులు వెతకండి, ఇప్పుడు కనిపిస్తున్నదంతా అసలుది కాకపోవచ్చు. తర్వాత బ్లోవర్ డోర్ టెస్టు చేయించండి. ఫ్యాన్ పెట్టి లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా తెస్తే గాలి ఏ సందుల్లోంచి పోతోందో తెలిసిపోతుంది.

ఆ సందులు మూయడం, లైట్లు, ఏసీ కంట్రోళ్ళు మార్చడం, ఎవరో తీసేసిన పాత సన్‌షేడ్లు మళ్ళీ పెట్టడం, ఇవన్నీ భవనం రూపు చెడకుండా అయ్యే పనులు. పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్ ఎలాగూ చేయిస్తారు కాబట్టి ఇన్సులేషన్ కూడా అప్పుడే వేయించండి, కాకపోతే కింది నుంచి చూస్తే అంచు మందంగా కనిపించకూడదు.

ఇక అద్దాలు. ఒంటి అద్దం యూ-వాల్యూ (వేడి ఎంత తేలిగ్గా దాటిపోతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) దాదాపు 5.7, మంచి డబుల్ గ్లాసుకు 1.1 దాకా దిగుతుంది, నిజమే. కానీ చలి ప్రాంతాల్లో అద్దం ఒక్కటే మార్చి స్టీలు ఫ్రేమును అలాగే వదిలేస్తే, ఇన్నాళ్ళూ అద్దం మీద పట్టిన చెమ్మ ఇప్పుడు అంతకంటే చల్లగా ఉన్న ఫ్రేము మీద పడుతుంది. పొద్దున చూస్తే కింది అంచు పొడుగునా నీటి బొట్లు, కొన్నాళ్ళకు ఉబ్బిన పెయింటు, దాని కింద తుప్పు. రెండు అద్దాల మధ్య గాలి తీసేసిన సన్నటి వాక్యూమ్ గ్లాసు పాత గాడిలో పట్టొచ్చు గానీ ఈ చిక్కు దానికీ ఉంది. అద్దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే పాత పుట్టీలో ఊపిరితిత్తులకు ప్రమాదమైన ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, టెస్టు చేయించకుండా గీకించొద్దు.

నెదర్లాండ్స్‌లో, రోటర్‌డామ్‌లోని వాన్ నెల్లె ఫ్యాక్టరీని ఆఫీసులుగా మార్చినప్పుడు బయటి ఒంటి అద్దాల గోడను అలాగే ఉంచి, కాస్త వెనక్కి జరిపి లోపల ఇంకో అద్దాల గోడ కట్టారు. కొంత చోటు పోతుంది, కానీ నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే.

అద్దాలు మార్చక తప్పదంటే, మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క కిటికీకి పెట్టి బయటి నుంచి చూడండి. డబుల్ గ్లాసులో ప్రతిబింబం రెండుగా, కొంచెం వంకరగా కనిపిస్తుంది, పక్కనే పాత కిటికీ ఉంటే తేడా ఇట్టే తెలుస్తుంది. నచ్చకపోతే పోయేది ఒక్క కిటికీ డబ్బులే.