ఎర్లీ సైకోసిస్‌లో వైట్ మ్యాటర్ మార్పులు: అలాంటి స్టడీ కంటపడితే ఎలా చదవాలి

మా తమ్ముడికి మొదటిసారి సైకోసిస్ (లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి స్థితి) వచ్చిన రోజుల్లో రాత్రి 2 గంటలకి ఫోన్ పట్టుకుని వెతుకుతుంటే "వైట్ మ్యాటర్ దెబ్బతింటుంది" అన్న లైన్ కనపడింది, ఇక తెల్లారేదాకా నిద్ర పట్టలేదు, వాడి మెదడు పోయిందనే అనుకున్నా. ఆ లైన్‌ని ఎలా చదవాలో నాకు అర్థమవడానికి చాలా నెలలు పట్టింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే ఉండి, మీరు కూడా ఇలాంటి స్టడీ ముందేసుకుని కూర్చుంటే, ఇది మీకోసమే.

ముందు వైట్ మ్యాటర్ అంటే ఏంటో చూద్దాం. మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే సన్నటి తీగల కట్టలు అవి, మెదడులో దాదాపు సగం అవే. తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, తెల్లగా కనపడేది దానివల్లే, సిగ్నల్ వేగంగా పోయేది కూడా దానివల్లే. ఈ తొడుగు చిన్నప్పుడే పూర్తయిపోదు, ఇరవైల్లో, కొన్ని చోట్ల ముప్పైల్లో కూడా పెరుగుతూనే ఉంటుంది, నుదుటి వెనక భాగాలు అన్నిటికంటే ఆలస్యం. సైకోసిస్ ఎక్కువగా మొదలయ్యేది కూడా సరిగ్గా టీనేజ్ చివర నుంచి ముప్పైల లోపే, అందుకే రీసెర్చ్ చేసేవాళ్ల చూపు వైట్ మ్యాటర్ మీద పడింది.

ఇప్పుడు స్టడీలో మొట్టమొదట వెతకాల్సింది, దేన్ని కొలిచారు అని. చాలావరకు డీటీఐ అనే ఎంఆర్ఐ పద్ధతి వాడతారు, 1994లో పీటర్ బాసర్, డెనిస్ లె బిహాన్ వాళ్లు తెచ్చింది. ఇది మైలిన్‌ని నేరుగా చూడదు, అసలు విషయం ఇక్కడే ఉంది, ఇది చూసేది నీళ్ల కదలికని. కట్టగా పేర్చిన గొట్టాల మధ్య నీళ్లు పొడవునే సులువుగా పోతాయి, పక్కకి పోలేవు. అలా ఒకే దిక్కుకి ఎంతగా పోతున్నాయో చెప్పే నంబర్‌ని ఎఫ్ఏ అంటారు, 0 నుంచి 1 మధ్య ఉంటుంది. సైకోసిస్ ఉన్నవాళ్లలో సగటున ఈ ఎఫ్ఏ కొంచెం తక్కువ వస్తోంది. అయితే తక్కువ వచ్చింది కదా అని తీగ తెగిపోయిందనుకోకండి, తొడుగు పల్చబడినా తగ్గుతుంది, తీగల మధ్య ఖాళీలో ద్రవం పెరిగినా తగ్గుతుంది, రెండు కట్టలు ఒకదాన్నొకటి దాటే చోట ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా తక్కువే ఉంటుంది, చివరికి స్కానర్‌లో తల కదిలినా నంబర్ మారిపోతుంది. భయంలో, అయోమయంలో ఉన్న మనిషి ఆ మోత మధ్య కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే తల కదలికని ఎలా సరిచేశారో రాయని స్టడీని నేను పెద్దగా నమ్మను.

రెండోది, ఎవరిని చూశారు? మొదటి ఎపిసోడ్‌లో ఉన్నవాళ్లా, ఏళ్ల తరబడి జబ్బుతో, మందులతో ఉన్నవాళ్లా? ఇది చాలా ముఖ్యం. 2012లో ఓఫర్ పాస్టర్నాక్ టీమ్ మొదటి ఎపిసోడ్ వాళ్లలో తీగల బయట ఉండే నీటిని విడిగా లెక్కేసి చూస్తే, ఆ బయటి నీరు మెదడంతా చాలా చోట్ల ఎక్కువగా ఉంది, తీగల్లోనే తేడా అనిపించింది మాత్రం ముఖ్యంగా ముందు భాగంలో కొద్ది చోట్లే. ఆ నీరు ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటిది) వల్ల కావచ్చని ఒక ఆలోచన, రుజువైన సంగతి కాదు. నాకు మాత్రం ఇది చదివాక గుండె కొంచెం కుదుటపడింది, ఎందుకంటే మొదట్లో కనపడే తేడా అంతా తీగలు పాడైపోవడమే అని అనుకోనక్కర్లేదన్నమాట. దీంతోపాటే సిగరెట్, గంజాయి, మద్యం అలవాట్లు రెండు గ్రూపుల్లోనూ ఒకేలా ఉన్నాయా అని కూడా చూడండి, అవి కూడా ఈ నంబర్లని కదిలిస్తాయి.

మూడోది, తేడా ఎంత? దీన్ని అందరూ దాటేస్తారు. 2018లో ఎనిగ్మా అనే రీసెర్చ్ గ్రూప్ స్కిజోఫ్రీనియా (సైకోసిస్ వచ్చే జబ్బుల్లో ఒకటి) ఉన్న 1963 మందిని, లేని 2359 మందిని పోల్చింది, చూసిన 25 భాగాల్లో 20 చోట్ల ఎఫ్ఏ తక్కువ వచ్చింది, కుడి ఎడమ మెదళ్లని కలిపే కార్పస్ కలోసమ్ కూడా అందులో ఉంది. వింటే భయమేస్తుంది కదా, కానీ తేడా సైజు దాదాపు 0.4 (ఇది ఎఫ్ఏ నంబర్ కాదు, రెండు గ్రూపుల మధ్య తేడా ఎంతో చెప్పే వేరే లెక్క). అంటే ఏంటంటే, జబ్బు ఉన్న ఒకర్ని, లేని ఒకర్ని కళ్లు మూసుకుని తీసుకుంటే, 100 సార్లలో ఓ 60 సార్లే జబ్బు ఉన్నవాళ్ల నంబర్ తక్కువ ఉంటుంది, మిగతా 40 సార్లు తిరగబడుతుంది. అసలు సంబంధమే లేకపోతే 50 వస్తుంది. కాబట్టి గ్రూప్‌గా తేడా నిజమే, ఒక్క మనిషి స్కాన్ చూసి మాత్రం ఏమీ చెప్పలేం.

అందుకే "డీటీఐ తీయించి జబ్బు ఉందో లేదో తేల్చేద్దాం" అనుకోకండి. డాక్టర్ మామూలు ఎంఆర్ఐ రాసేది గడ్డలు, ఇన్ఫెక్షన్, ఫిట్స్‌కి దారితీసే మచ్చలు లాంటివి లేవని చూసుకోవడానికి. రిపోర్ట్‌లో నార్మల్ అని వస్తే జబ్బు లేదని కాదు, సైకోసిస్‌లో ఎక్కువమందికి నార్మలే వస్తుంది. మా ఇంట్లో మేం ఇక్కడే పొరపాటు చేశాం, రిపోర్ట్ నార్మల్ అనగానే అమ్మ మందులు అక్కర్లేదంది, నేనూ సరే అన్నాను, వాడు ఇంకో నాలుగు నెలలు ఆ గొంతులతో ఒంటరిగా వేగాడు.

ఇంకోటి, ఈ తీగలు రాయి మీద గీత కాదు. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో పెద్దవాళ్లకి 6 వారాలు బంతులు ఎగరేసి పట్టుకోవడం నేర్పిస్తే వాళ్ల వైట్ మ్యాటర్‌లో కొలిచేంత మార్పు వచ్చింది. దానితో సైకోసిస్ తగ్గుతుందని నేను అనట్లేదు, మందులు ఆపి ఆటలు ఆడించమనీ కాదు. పెద్దయ్యాక కూడా మెదడు తీగలు మారతాయి అన్నంతవరకే తీసుకోండి.

స్కాన్ కంటే మన చేతిలో ఉన్నది టైమ్. అమెరికాలో రైజ్ అనే పెద్ద స్టడీలో సగం మంది లక్షణాలు మొదలయ్యాక 74 వారాలు దాటాకే సరైన వైద్యానికి వచ్చారు, ఇది 3 నెలల లోపు ఉండాలని నిపుణులు చెప్తారు. ఆలస్యం అయినకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: నిద్ర ఎప్పటినుంచి పాడైంది, అనుమానాలు ఎప్పుడు మొదలయ్యాయి, గొంతులు వినపడుతున్నాయా, చదువు లేదా పని ఎప్పుడు తగ్గింది, గంజాయి లాంటివి ఏమైనా ఉన్నాయా. డేట్లు కచ్చితంగా గుర్తులేకపోయినా పర్లేదు, ఏ నెలో చెప్పినా చాలు. చచ్చిపోతానన్నా, గొంతులు ఎవరికైనా హాని చేయమంటున్నాయన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రాత్రికే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.