ఫాగ్ లైట్లకు రిలే: ఇంటి దగ్గరే వైరింగ్ మార్చుకోవడం ఎలా?

డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి వెళుతుండగా ఒకసారి నా పాత కారు డ్యాష్‌బోర్డులోంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే ఫాగ్ లైట్ల స్విచ్చు వెనకభాగం కరిగిపోయి ఉంది. లైట్లు బిగించినవాళ్లు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆర్పే పరికరం) పెట్టలేదు. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటునంతా ఆ గోరంత స్విచ్చు గుండానే పంపారు. తర్వాతి ఆదివారం నేనే కూర్చుని మార్చుకున్నాను. ఒక పూట పని.

లెక్క చూడండి. 55 వాట్ల హాలోజెన్ బల్బులు రెండంటే 110 వాట్లు. 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది. సన్నటి వైరులో అంత కరెంటు పారితే వైరు వేడెక్కుతుంది, బల్బు దగ్గరికి చేరే వోల్టేజి పడిపోతుంది. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్ఫై శాతం తగ్గుతుంది. చాలామంది ఇది తెలియక, వెలుగు చాలడం లేదని 100 వాట్ల బల్బులు వేస్తారు. జబ్బు వైరుదైతే మందు బల్బుకు వేసినట్టు. రిలే ఉంటే స్విచ్చు ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. బరువు మోసేది రిలే.

ఒక హెచ్చరిక. కారు వారంటీలో ఉన్నా, లైట్లను కంప్యూటర్ యూనిట్ నడిపించే కొత్త మోడల్ అయినా ఈ పనికి పూనుకోకండి, కంపెనీ కిట్ వేయించుకోండి. డ్యాష్‌బోర్డు కింద పసుపు రంగు తొడుగు, పసుపు కనెక్టర్లు ఉన్న వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. వాటిని ముట్టుకోవద్దు.

కావలసినవి: 12 వోల్టుల, 30 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే, దాని సాకెట్టు, 15 ఆంపియర్ల ఫ్యూజు, హోల్డరు, లైట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, స్విచ్చుకు ఒక చదరపు మిల్లీమీటరు వైరు, రింగు లగ్గులు (వైరు చివర బిగించే ఉంగరం లాంటి బిళ్లలు), హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకుని అతుకును పట్టేసే గొట్టం), వైర్లు దూర్చే ముడతల గొట్టం, మల్టీమీటరు. ఇంట్లో వాడే నల్ల టేపు ఇంజను వేడికి జిగురు వదిలేస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు.

ఇంజను చల్లారాక ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయండి. పాజిటివ్ ముందు విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలిందో, నిప్పులు చిమ్ముతాయి. పాత వైరింగ్‌ను ఫొటో తీసుకుని విప్పేయండి.

రిలే కాళ్ల పక్కన అంకెలు ఉంటాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు 30కి, లైట్లకు వెళ్లేది 87కి, స్విచ్చు నుంచి వచ్చేది 86కి, ఎర్త్ (కారు బాడీకి బిగించే వైరు) 85కి. ఐదు కాళ్ల రిలే చేతికొస్తే 87ఏ అనే కాలును ఖాళీగా వదిలేయండి. పొరపాటున దానికి కలిపితే స్విచ్చు వేయకముందే లైట్లు వెలుగుతాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. అది కాపాడేది బల్బును కాదు, వైరును. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపేదేమీ ఉండదు.

స్విచ్చుకు కరెంటు పార్కింగ్ లైటు వైరు నుంచి తీసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. పార్కింగ్ లైట్లు ఆర్పితే ఇవీ ఆరిపోతాయి. ఆ వైరును రంగు చూసి నిర్ణయించవద్దు. మిగతా పనంతా అయ్యాక, ఫాగ్ లైట్ల ఫ్యూజు పెట్టకుండానే, ఒక్క నిమిషం నెగటివ్ తగిలించి మల్టీమీటరుతో చూడండి: పార్కింగ్ వేస్తే 12, తీస్తే సున్నా చూపాలి. మళ్లీ నెగటివ్ తీసేశాకే అతుకు వేయండి. ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే వైరు రబ్బరు గ్రామెట్ (రేకు రంధ్రానికి తొడిగే రింగు) గుండానే రావాలి, ఇనుప రేకు అంచు మీదుగా కాదు.

తరచూ ఇబ్బంది పెట్టేది ఎర్త్. బోల్టు చుట్టూ రంగు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక రింగు లగ్గు బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి.

ఫ్యూజు పెట్టేముందు రెండు బల్బుల కనెక్టర్లు ఊడదీసి, మల్టీమీటరును కంటిన్యుయిటీ (తీగ కలిస్తే బీప్ చేసే) సెట్టింగులో పెట్టి, 87 వైరుకూ బాడీకీ మధ్య బీప్ చేస్తుందేమో చూడండి. చేస్తే ఎక్కడో షార్టు ఉన్నట్టు. బల్బులు ఉండగా చూస్తే ఫిలమెంటు వల్లే బీప్ వస్తుంది. నేను అలాగే మోసపోయి, లేని షార్టు కోసం గంటసేపు వెతికాను. బీప్ రాకపోతే బల్బులు కలిపి, ఫ్యూజు, నెగటివ్ పెట్టి లైట్లు వేయండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, బల్బు దగ్గర వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు లోపు ఉంటే పని బాగా కుదిరినట్టే.

చివరగా, సమతలం మీద గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలపండి. వెలుగు పై అంచు లైటు ఎత్తుకంటే నాలుగు అంగుళాలు కిందికి పడేలా స్క్రూ తిప్పండి. వారం తిరిగాక బోనెట్ ఎత్తి లగ్గులు వదులయ్యాయేమో ఒకసారి లాగి చూడండి.