బురద టైరుకు ఇంట్లోనే కటింగ్

వానాకాలం కోసం కొన్న మౌంటెన్ బైక్ (కొండదారుల సైకిల్) టైర్లకు బొడిపెలు మరీ పొడుగు. బురదలో భలే పట్టు, గట్టినేల మీద మాత్రం అటూఇటూ వంగేవి. రోడ్డెక్కితే ఒకటే మోత. డౌన్‌హిల్ (కొండ దిగే) సైకిల్ రేసుల్లో మెకానిక్కులు చేసేదే నేనూ చేశా: వెనక టైరు నడి వరుసల్ని సైడ్ కట్టర్‌తో (వైర్లు కత్తిరించే పట్టకారుతో) సగం ఎత్తుకు కోశా. టైరు రిమ్ము మీదే ఉంచి గాలి నింపితే బొడిపె కదలదు. కట్టర్‌కు సబ్బునీళ్లు రాస్తే రబ్బరు పట్టేయదు. అంచు వరుసల జోలికి పోలేదు. మలుపులో బండిని జారనివ్వనివి అవే. నడి బొడిపెల్లో కొన్నిటికి బ్లేడుతో పైపైన అడ్డంగా సన్నని గాటు పెట్టా, తడి రాళ్ల మీద పట్టు కోసం. గాటు మొదలుదాకా దిగితే బొడిపె చిరిగిపోతుంది. మహా విసుగు పని, బొటనవేలు వాచింది కూడా! మోత తగ్గింది, తొక్కడం తేలికైంది. ముందు టైరును ముట్టుకోలేదు, అక్కడ వేగంకన్నా పట్టే ముఖ్యం.