టీచర్లకు టీచరుగా పిలుపొచ్చిందా?

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల బడుల్లోని ఇంగ్లీషు టీచర్లకు పదకొండేళ్లుగా శిక్షణ ఇస్తున్నాను. కొత్తగా రిసోర్స్ పర్సన్, అంటే నాలా టీచర్లకు శిక్షణ ఇచ్చే మనిషి, అయిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "ఇందులో మనకేం మిగులుతుంది మేడమ్?" డబ్బయితే ఆశ పెట్టుకోకండి. నాకోసారి టీఏ బిల్లు ఏడు నెలలకి వచ్చింది, అదీ రెండు బస్సు టిక్కెట్లు కొట్టేసి. మిగిలేది వేరే ఉంది. అది దొరకాలంటే మొదటి రోజు నుంచే చూసుకోవాలి.

మొదటి రోజు పొద్దున్న పీపీటీ తెరవకండి. కొండమీది బడి నుంచి వచ్చే సవర గిరిజన టీచరు ఒకాయనతో నేను ముందే మాట్లాడి పెట్టుకుంటాను. నీళ్లు, రాయి, ఆకు చూపిస్తూ పదిహేను నిమిషాలు ఆయన అందరికీ సవర భాషలోనే పాఠం చెప్పాలి. తెలుగు, ఒడియా ముక్క రాకూడదు. ఇంగ్లీషు క్లాసులో పిల్లలకి ఎలా ఉంటుందో టీచర్లకి అప్పుడు తెలుస్తుంది. ఎవరైనా ఆ మాటలకి ఎకసెక్కంగా నవ్వితే అక్కడే ఆపించండి.

ఒకసారి రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మేష్టారొకరు బల్ల కింద అరచేతిలో ఒడియా అక్షరాలతో ఆ మాటలు రాసుకున్నారు. పేరు పిలవగానే పిడికిలి మూసేశారు. అచ్చం మా ఆరో తరగతి పిల్లాడే!

పాఠం అయ్యాక ఉపన్యాసం వద్దు. "ఎప్పుడు భయమేసింది?" అని మాత్రం అడగండి. "నలుగురితో కలిసి అనకముందే నన్నొక్కణ్ణీ లేపారు, అప్పుడు" అన్నారాయన. ఇక మీరు చెప్పాల్సింది సగం అయిపోయినట్టే: ముందు అందరూ కలిసి, తర్వాత జంటలుగా, ఆఖర్న ఒక్కొక్కరూ.

టీచరే సవర నేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడి బడిలో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు.

మనిషిని లోపల్నుంచి కదిలించేవి మూడంటారు డెసి, రయాన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు: తన ఇష్టప్రకారం చేయగలగడం, చేతనవుననే నమ్మకం, తోటివారితో అనుబంధం. మాడ్యూల్, అంటే శిక్షణలో ఏం చెప్పాలో రాసిచ్చే పుస్తకం, పైనుంచే వస్తుంది కాబట్టి మొదటిదానికి మనకి చోటు తక్కువ. రోజుకి అరగంట మీదిగా అడిగి తీసుకోండి. రెండోది నిలవాలంటే వారానికో క్లాసు మీరూ పిల్లలకి చెబుతూ ఉండండి, లేకపోతే మూడేళ్లలో పాత కబుర్లే మిగులుతాయి.

ఇక మూడోది, అన్నిటికన్నా ముఖ్యం: శిక్షణ అయ్యాక నెల తిరక్కుండా ఆ టీచర్ల బడికి వెళ్లండి. తనిఖీకి కాదు, వెనక బెంచీలో కూర్చోడానికి. తేదీ, బడి పేరు, టీచరు మార్చుకున్న ఒక్క సంగతి నోటుబుక్కులో రాసుకోండి. తప్పులు రాయకండి. టీఏ బిల్లు రాని నెలల్లో నేను తిరగేసేది ఆ పుస్తకమే.

కాశీనగర్ బ్లాకులో ఆ మేష్టారి క్లాసుకీ వెళ్లాను. పిల్లలు జంటలుగా మాట్లాడుకుంటున్నారు. ఆయన అరచేతిలో మళ్లీ ఏదో రాసి ఉంది. దగ్గరికెళ్లి చూస్తే రోల్ నంబర్లు, ఆ రోజు ఇంకా నోరు విప్పని పిల్లలవి.