దేవుని కొరకైన దాహం పెరగాలంటే

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక ఒక్కొక్కరూ ముందుకు వెళ్లి వాగ్దానపు కార్డు తీసుకోవడం అనేక తెలుగు సంఘాలలో ఉన్న అలవాటు. ఆ కార్డులలో తరచుగా కనిపించే వచనం యిర్మీయా 29:11. మన విషయమై దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని చెప్పే ఆ మాటను బైబిలులో దాచుకొని, కష్టం వచ్చినప్పుడల్లా తీసి చదువుకుంటాము. అయితే అది యెరూషలేము నుండి యిర్మీయా ప్రవక్త బబులోనుకు చెరగా కొనిపోబడిన యూదులకు పంపిన ఉత్తరంలోని మాట. దానికి ముందు వచనంలోనే, ఆ వాగ్దానం నెరవేరేది 70 సంవత్సరాలు గడిచిన తరువాతనని రాసి ఉంది. రెండు వచనాలు దాటితే, మీరు పూర్ణమనస్సుతో నన్ను వెదకినప్పుడు నన్ను కనుగొంటారని దేవుడు పలుకుతున్నాడు. 11వ వచనాన్ని గుండెకు హత్తుకొని 13వ వచనం దాకా రాకుండా ఆగిపోయినంత కాలం మనం ఆశించేది దేవుడు ఇచ్చే మేలునే గాని దేవుణ్ణి కాదు. ఆయన మీద ఆశ పెరగాలని కోరుకునేవారు మొట్టమొదట తేల్చుకోవలసిన సంగతి ఇదేనని నా నమ్మకం.

తేల్చుకోవడానికి ఒక వారం చాలు. ఆ వారంలో మీరు ప్రార్థించిన ప్రతి విషయాన్నీ నోటుపుస్తకంలో రాయండి. నేను అలా రాసినప్పుడు ఏడు రోజులలో రెండు పేజీలు నిండాయి: తమ్ముడి ఉద్యోగం, అమ్మ మోకాళ్ల నొప్పులు, ఇంటి అప్పు, పక్కింటి పాప పరీక్షలు. అవన్నీ అడగదగినవే, అనుదినాహారం అడగమని ప్రభువే నేర్పించాడు. కాని ఆ రెండు పేజీలలో ‘ప్రభువా, నాకు నీవు కావాలి’ అన్న మాట ఒక్కచోట కూడా లేదని చూసుకున్నప్పుడు చాలా సేపు కలం కదలలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆహారం కంటె ముందు ఆయన నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం ఉన్నాయి. అప్పటి నుండి ప్రతి పేజీలో మొదటి వరుసను విడిచిపెట్టి, వేరే ఏదీ అడగకముందు ఆయననే అడిగే ఒక వాక్యం అక్కడ రాయసాగాను. ఆశ లేని రోజున ఆశ లేదనే రాశాను. మనలో ఇచ్ఛను కూడా కలుగజేసేవాడు దేవుడేనని ఫిలిప్పీయులకు 2:13 చెబుతున్నది గనుక, లేని ఆశను ఆయననే అడగడం వేషధారణ కాదు. దయ్యం పట్టిన కొడుకును తీసుకొని వచ్చి, నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సహాయం అడిగిన తండ్రిని యేసు వెళ్లగొట్టలేదు.

తరువాతి పని వాక్యం చదివే తీరును మార్చుకోవడం. రోజుకు మూడు అధ్యాయాలు ముగించాలన్న లెక్క మంచిదే గాని, ఆకలి చచ్చిపోయినవారికి అది సరిపడదు. వారం రోజులు ఒకే కీర్తన తీసుకోండి. 63వ కీర్తనతో మొదలుపెట్టండి. గొంతు వినిపించేలా చదవండి, ఎందుకంటే మన బైబిలు భాష పాతది, కళ్లతో చదివితే జారిపోయే మాటలు చెవిన పడితే నిలుస్తాయి. ముందుగా పైనున్న శీర్షికను చూడండి: దావీదు యూదా అరణ్యంలో ఉన్నప్పటి కీర్తన అది. ‘నీళ్లు లేక యెండియున్న దేశమందు’ అన్న మాట అతడు అలంకారం కోసం వాడలేదు, నిలబడిన నేలనే చెప్పాడు. వేసవిలో అనంతపురం వైపు నెర్రెలు విచ్చిన చెరువు మధ్యగా నడిచినవారికి ఆ నేల ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు. అలాంటి చోట మనిషి నీళ్లు అడగాలి, శత్రువుల నుండి తప్పించుకునే దారి అడగాలి. దావీదు మాత్రం తన ప్రాణం దేవుని కొరకు తృష్ణగొన్నదని మొదలుపెడతాడు.

మూడవ వచనం దగ్గర ఆగండి. దేవుని కృప జీవముకంటె ఉత్తమమని అక్కడ ఉంది. ఆ మాట ఈ రోజు నా నోట నిజంగా వస్తుందా అని మిమ్మల్ని మీరే అడగండి. రాకపోతే ఆ సంగతి ఆయనకే చెప్పండి, అది కూడా ప్రార్థనే. ఇంకా రెండు వచనాలు దాటితే దావీదు తృప్తి పొందానంటాడు. విందు భోజనం చేసినవానిలా మాట్లాడతాడు. ఆశ్చర్యమేమిటంటే, ఎనిమిదవ వచనంలో అతని ప్రాణం మళ్లీ దేవుణ్ణి అంటి వెంబడిస్తూనే ఉంది. శరీరపు ఆకలి తింటే తీరుతుంది, తినకపోతే పెరుగుతుంది. దేవుని కొరకైన ఆకలి తింటేనే పెరుగుతుంది, తినకపోతే చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. అందుచేత ఆశ పుట్టిన తరువాత చదువుదామని ఎదురుచూడకండి. కీర్తనల తరువాత మార్కు సువార్త తీసుకోండి, రోజుకు ఒక అధ్యాయం చొప్పున 16 రోజులు పడుతుంది. కుష్ఠరోగిని యేసు మాటతోనే బాగుచేయగలిగి ఉండి కూడా చెయ్యి చాపి ముట్టాడని మొదటి అధ్యాయంలోనే చూస్తారు. దేవుణ్ణి కోరుకోవడమంటే చివరకు ఆ చెయ్యి గలవాణ్ణి కోరుకోవడమే. ఆయనను చూడకుండా ఆశను మాత్రం పెంచుకోవాలనుకుంటే అలసట తప్ప ఏమీ మిగలదు.

కడుపు నిండినవాడు తేనెపట్టునైనా తొక్కివేస్తాడని సామెతలు 27:7 అంటుంది. దేవుని మాట చేదైనందువల్ల కాదు, మన కడుపు వేరేవాటితో నిండినందువల్ల అది రుచించడం లేదు. ఈ కాలంలో ఆ నింపే పనిని ఎక్కువగా ఫోను చేస్తున్నది. మోకాళ్లూనకముందే అది చేతిలోకి వస్తుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన వచనాన్ని చూసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టి, వాక్యం చదివామనుకుంటాము. రాత్రి ఫోనును పడకగదిలో కాక వంటగదిలో చార్జింగు పెట్టండి, అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి. ‘వేకువనే నిన్ను వెదకుదును’ అన్న మాటకు చోటు దొరికేది అలాగే. మొదటి పది రోజులు మనసు అటే లాగుతుంది. ఆ లాగుడును గమనించండి, మన ఆశ ఎక్కడ కట్టబడి ఉన్నదో అదే చూపిస్తుంది. వారానికి ఒక పూట ఉపవాసం కూడా ఇందుకే మంచిది. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు భోజనం మానవద్దు, వారు టీవీనో ఫోనునో మానవచ్చు. తెలిసి దాచుకున్న పాపం గాని, మాట్లాడడం మానేసిన సహోదరుడు గాని ఉంటే మాత్రం ఉపవాసం కంటె ముందు ఆ పని చూసుకోవాలి. అర్పణను బలిపీఠం దగ్గర విడిచి, మొదట సహోదరునితో సమాధానపడడానికి వెళ్లమన్నది ప్రభువే.

ఆశ గలవారి దగ్గర కూర్చోండి. మా సంఘంలో చదువురాని ఒక పెద్దావిడ ఉండేది, మేమంతా పిన్నమ్మ అని పిలిచేవాళ్లం. శుక్రవారం ప్రార్థనలో అందరి మనవులూ అయిపోయాక ఆమె వంతు వచ్చేది. కొంగు తలమీదికి లాక్కొని, ‘అయ్యా, నువ్వు ఉండావు, నాకు చాలయ్యా’ అని కాసేపు ఊరకుండేది. ఆ ఊరక ఉండడంలో నాకు దొరికినది చాలా ప్రసంగాలలో దొరకలేదు.

ఇవన్నీ చేసినా కొన్ని నెలలు ఏమీ అనిపించకపోవచ్చు. అప్పుడు మిమ్మల్ని మీరు వెంటనే నిందించుకోకండి. ఏలీయా ప్రవక్త చచ్చిపోవాలని కోరుకొని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి బోధ చేయలేదు; లేచి భోజనం చేయమన్నాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. నిద్ర లేకనో, శరీరం బాగుండకనో, వారాల తరబడి దిగులు వదలకనో ఆత్మీయంగా ఎండిపోయామనుకునేవారు ఎందరో ఉన్నారు. వారు కాపరి దగ్గరకు వెళ్లినట్లే వైద్యుని దగ్గరకూ వెళ్లాలి.

మిగిలిన ఎండిన రోజులకు 42, 43 కీర్తనలను కలిపి చదవండి. దుప్పి నీటివాగుల కొరకు ఆశపడినట్లు అని మొదలుపెట్టినవాడు ఆ సమయంలో దేవుని మందిరానికి దూరంగా, ఉత్తరాన హెర్మోను పర్వత ప్రాంతంలో ఉన్నాడు. కన్నీళ్లే తనకు ఆహారమయ్యాయంటాడు. నీవేల క్రుంగియున్నావని తన ప్రాణాన్ని తానే మూడుసార్లు అడుగుతాడు, దేవునియందు నిరీక్షణ ఉంచమని మూడుసార్లు దానికే చెబుతాడు. మూడవసారి కూడా అతడు ఇంకా మందిరానికి చేరలేదు. నీ వెలుగును, నీ సత్యాన్ని పంపు, అవి నన్ను తోడుకొని వస్తాయని అడిగి, ఇంకా నేను ఆయనను స్తుతిస్తానని పాడుతూ ఉన్నచోటనే ఉన్నాడు.